శ్రావణంలో ఎండ్రకాయల రసం

తమ్ముడి కొడుక్కి బలానికని మా మరదలు డబ్బా పొడి వేడినీళ్లలో కలిపినప్పుడల్లా లేచే ఆ దొంగ తీపి వాసనకు నేను వాకిట్లోకి వచ్చేస్తాను. ఆ వెనకే అంతకంటే పాడు వాసనొకటి, అవ్వ నాచేత నూరించిన ఎండ్రకాయల నీసు, గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు, సిరవార దగ్గర మా ఊళ్లో, కాలువ కింద నాట్లు పడి, గట్ల బొరియల్లో ఎండ్రకాయలు బలిసే వానాకాలం అది. చంటివాడైన తమ్ముడికి పాలు తప్ప ఏదీ ఎక్కేది కాదు. తోటి పిల్లలు పాకుతుంటే వాడు మెడ వాల్చి, పుల్లల్లాంటి కాళ్లతో చాప మీద పడి ఉండేవాడు. అవ్వ, అంటే నాయన తల్లి, నాట్ల నుంచి ఎండ్రకాయలు కొంగున మూటగట్టుకొచ్చి, బతికుండగానే కాళ్లు విరిచి రోట్లో వేసేది. నేను నూరుతుంటే డిప్పలు పటపట పగిలి, పచ్చటి జిగట చెంపల మీదికి చిందేది. ఆ బురద నీసు గోళ్లలో పట్టుకుని అన్నం ముద్ద నోటిదాకా రానిచ్చేది కాదు. అవ్వ దాన్ని పిసికి, గుడ్డలో వడగట్టి, మిరియం వేసి మరిగించి, మెత్తగా ఉడికిన జొన్న గట్కలో కలిపి పెడితే వాడు చప్పరించేవాడు. గడ్డం మీద కారిందాన్ని ఆమె వేలితో తీసి మళ్లీ వాడి నోట్లోనే పెట్టేది. నేను మొహం తిప్పుకునేదాన్ని.

అంతలో శ్రావణం వచ్చింది. నెలంతా ఇంట్లో నీసు ముట్టమని అమ్మ మొక్కుకుంది. రసం ఆగిన కొద్దిరోజులకే, అప్పుడప్పుడే మెడ నిలుపుతున్న తమ్ముడు మళ్లీ వాలిపోయాడు.

“ఎనుకదిక్కు వండుత,” అంది అవ్వ.

“నా మొక్కు బుగ్గి జేస్తవా అత్తా?”

“మొక్కింది నువ్వు, ఆడు గాదు. ఉపాసం నువ్వుండు.”

మేకల దొడ్డి వెనక మూడు రాళ్లు పెట్టి, వేరే కుండలో మొదలుపెట్టింది. నేను ముక్కు మూసుకుంటే, “ముక్కుకొక చెయ్యి, రోటికొక చెయ్యా? దొరసానివే నువ్వు, నూరు!” అని కసిరేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడే అమ్మే ఒక సాయంత్రం, “అత్తా, ఇంకింత ఉన్నదా?” అని గిన్నె చాపింది. శ్రావణం దాటేసరికి వాడు ఆసరా లేకుండా కూర్చుని నా జడ పీకుతున్నాడు.

అవ్వ లేదిప్పుడు. ఆ తమ్ముడి కొడుకూ అలాగే ఎండిపోతుంటే మొన్న అమ్మే అంది, “గట్ల పొంటి పోయి చూసిరాయే, ఎండ్రకాయలు దొర్కుతయేమో.” వెళ్లాను. పురుగుమందు కొట్టిన మళ్ల ఘాటుకు వాంతి ఆగలేదు. బొరియలు పూడిపోయాయి. ఒకే ఒక్కటి, పొట్ట తెల్లగా పైకి తేలి ఉంది. పుల్లతో కదిపితే కాళ్లు ఊడిపోయాయి.

వట్టి చేతులతో ఇంటికొచ్చి ఎంత సబ్బు రుద్దినా మందు వాసన పోలేదు. మరదలు డబ్బా పొడి చెంచా నోటి దగ్గర పెట్టింది. పిల్లాడు పెదాలు బిగించి, అప్పట్లో నేను తిప్పుకున్నట్టే మొహం తిప్పుకున్నాడు.