తిరగకుండానే కరిగిన టైర్లు

ఆదోనిలో పరుపుల అంగడి మక్బూల్‌ను ఎవరైనా కదిలిస్తే చాలు, తన ఇంట్లో జపాన్ కారు ఉందని చెబుతాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కారు ఉంది, అది జపాన్‌దే. కాకపోతే అది జానెడున్నర పొడుగుంటుందనీ, రిమోటుతో నడుస్తుందనీ, అలాంటిదాన్ని లోకంలో అందరూ బొమ్మ అంటారనీ మాత్రం చెప్పడు. బొమ్మ అనే మాట ఆయన నోట ఇంతవరకూ రాలేదు. తరతరాలుగా దూది ఏకిన వంశంలో పుట్టి, ఊళ్లో సగం మందిని మెత్తగా పడుకోబెట్టిన మనిషికి ఆ ఒక్క మాట దగ్గర మాత్రం మెత్తదనం లేదు.

ఆ కారు కువైట్ నుంచి వచ్చింది. కొడుకు వాజిద్ పుట్టినప్పుడు భార్య నసీబ్‌బీ తమ్ముడు తెచ్చి, "అల్లుడు ఆడుకుంటాడు బావా" అని మక్బూల్ చేతిలో పెట్టాడు. ఎర్రటి ఒళ్లు, వెనకాల పొడుగాటి తీగ, ముళ్లముళ్లుగా నల్లటి టైర్లు. మక్బూల్ ఒళ్లోని బిడ్డను చూశాడు, చేతిలోని కారును చూశాడు. రెండింటిలో జాగ్రత్తగా పెంచాల్సింది కారేనని తేల్చుకున్నాడు. బిడ్డకు ఉయ్యాల కట్టించక ముందే కారుకు అద్దాల బీరువా చేయించాడు.

పిల్లోడు పెద్దయినాక ఆడుకుంటాడులే అన్నాడు. వాజిద్ నడిచాడు, బడికి పోయాడు. బడికి పోయేవాడికి ఆటలేమిటి అన్నాడు. పది పాసయ్యాడు, ఇప్పుడు చదువు ముఖ్యం అన్నాడు. చదువైపోయి సెల్‌ఫోన్లు రిపేరు చేసే అంగడి పెట్టుకున్నాడు. ఇంత పెద్దోడివి, నీకు ఆటలేమిటి అన్నాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదంటారు. వాజిద్‌కు గడ్డం వచ్చింది, గడ్డంలో తెల్ల వెంట్రుకలు కూడా మొలిచాయి. కారు మాత్రం బీరువాలోనే ఉంది, బీరువా తాళం తండ్రి బనీను జేబులో ఉంది. పరుపు కొనడానికి వచ్చినవాళ్లను సైతం ఇంట్లోకి పిలిచి చూపించేవాడు. చూసినవాళ్లు "అబ్బో" అనాలి. అనకపోతే పరుపులో దూది తగ్గేదని నసీబ్‌బీ అంటుంది, అది నిజమో కాదో మనకు తెలియదు.

ఇంతలో వాజిద్‌కు సంబంధం కుదిరేలా ఉంది. ఎమ్మిగనూరులో తువ్వాళ్ల వ్యాపారం చేసే ఖాజా కూతురు తబస్సుమ్. పిల్లకు పిల్లోడు నచ్చాడు, పిల్లోడికి పిల్ల ఎంత నచ్చిందంటే వచ్చిన ఫోన్లన్నిటినీ ఈల వేసుకుంటూ బాగుచేస్తున్నాడు. ఇక పిల్ల తరఫువాళ్లు ఆదోని వచ్చి ఇల్లు చూసుకుని పోవడమే మిగిలింది. నసీబ్‌బీ ఇంటికి సున్నం కొట్టించాలంది. బీరువా జరపాల్సి వచ్చింది. మక్బూల్ బిస్మిల్లా అని కారును రెండు చేతులా ఎత్తాడు.

కారు పైకి వచ్చింది. టైర్లు రాలేదు. ఆదోని ఎండలకు అద్దాల వెనక ఏళ్లకేళ్లు ఉడికి, రబ్బరు కరిగి బెల్లంపాకంలా బీరువా అరకు అంటుకుపోయింది. మక్బూల్ కంగారులో స్క్రూడ్రైవరు పెట్టి పెకిలించాడు, దాంతో చక్రాలు కూడా పుటుక్కున విరిగాయి. ఒక్క అడుగు నడవకుండా నాలుగు టైర్లూ పోగొట్టుకున్న బండి ఈ భూమ్మీద అదొక్కటే అయ్యుంటుంది.

"తిరిగి తిరిగి అరిగిపోయినాయేమో పాపం," అంది నసీబ్‌బీ.

మక్బూల్‌కు నవ్వు రాలేదు. వియ్యంకుడు వచ్చేసరికి బీరువాలో చక్రాల్లేని కారు ఉంటే ఏం మర్యాద? వెంటనే ఎమ్మిగనూరుకు ఫోన్ చేసి, ఇంట్లో పని నడుస్తోంది, కొన్నాళ్లాగి రండి అన్నాడు.

"పిల్లోనికి పెండ్లి కావాల్నా, దానికి సక్రాలు కావాల్నా?" అని భార్య నిలదీసింది.

"రెండూ కావాల," అన్నాడు మక్బూల్. ముందు ఏది అన్నది చెప్పలేదు.

వేట మొదలైంది. సైకిల్ అంగడివాడు సైజు అడిగాడు, మక్బూల్ చేతి వేళ్లతో చూపిస్తే చక్కగా టీ తాగించి పంపాడు. మంత్రాలయం పోయి, మఠం దారిలో యాత్రికుల కోసం పెట్టిన అంగళ్లన్నీ గాలించి ఒక ప్లాస్టిక్ లారీ కొన్నాడు. బస్సులోనే దాని చక్రాలు పీకాడు. పక్క సీటులోని ముసలమ్మ, ఏ పిల్లగాని నోటికాడిది లాక్కున్నాడో అన్నట్టు ఆయన్ను ఎగాదిగా చూసింది. ఆ చక్రాలు ఈ కారుకు వదులయ్యాయి. వాజిద్ ఫోనులో వెతికి ఎక్కడి నుంచో కొత్త చక్రాలు తెప్పించాడు.

"కొత్తవాటికి నడిమధ్య ఆరుమూలల బొక్క నాయనా. మనది పాతకాలంది, ఇరుసుకు అడ్డంగా పుల్ల ఉండాది. పట్టదు," అన్నాడు.

చివరికి మక్బూల్ ఎమ్మిగనూరు రోడ్డులో లారీ టైర్లు అమ్మే లక్ష్మప్ప దగ్గరికి పోయాడు. అంత దూరం పోయినవాడు బొమ్మ అనే ఆ ఒక్క మాటా చెప్పి ఉంటే ఈ కథే లేదు.

"జపాన్ బండి లక్ష్మప్పా. పాతది. టైర్లు పోయినాయి, యాడా దొరకడంల్యా."

"జపాన్‌దా? నీకా? ఎప్పుడు కొన్న్యావన్నా?"

"మావాడు పుట్టినప్పుడు కువైట్ నుంచి వచ్చింది. అప్పటి నుంచీ ఇంట్లోనే పెట్టినా. ఎండకీ వానకీ తియ్యలే."

"రోడ్డు మీదికే తియ్యలేదా!"

"నేల మీదనే పెట్టలేదప్పా."

లక్ష్మప్ప లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచి వేశాడు. ఇన్నేళ్లుగా పరుపులు మోసుకుంటూ ఆ దారిన పోతుంటే పలకరించని మనిషి ఈరోజు కుర్చీ వేశాడు. మక్బూల్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఎంత హాయిగా ఉందంటే, అది ఏ కారో చెప్పడం మరిచిపోయాడు. మరిచిపోయాడనే అనుకుందాం.

లక్ష్మప్పకు ఎమ్మిగనూరులో ఖాతాదార్లున్నారు. వాళ్లలో ఖాజా ఒకడు. ఖాజాకు పాత కార్లంటే పిచ్చి. రెండో రోజే ఫోనొచ్చింది.

"ఏం బావా, ఇంత పెద్ద సంగతి దాసిపెట్టినావే! నాకు లక్ష్మప్ప సెప్తే తెలిసె."

చెప్పడానికి అల్లా ఇచ్చిన సమయం అది. "పాతదిలే బావా," అన్నాడు.

"పాతది కాబట్టే గదా అందం! పెండ్లికొడుకు దాంట్లోనే రావాల. నేను మా వాళ్లకు అందరికీ సెప్పేసినా."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఖాజా వినలేదేమో. ముహూర్తం కూడా పెట్టకుండానే ఊరేగింపు ఏయే వీధుల్లో తిరగాలో తేల్చేశాడు. మక్బూల్ కక్కలేకా మింగలేకా ఫోన్ పెట్టేశాడు. వాజిద్ "నేను సెప్తాలే" అంటే, "నువ్వు నోర్మూసుకో, సమయం సూసి నేనే సెప్తా" అన్నాడు. సమయం రోజూ వచ్చేది. మక్బూల్ రోజూ దాన్ని వెనక్కి పంపేవాడు.

తేదీ అనుకుందాం రమ్మని ఖాజా పిలిచాడు. ముగ్గురూ బస్సెక్కి ఎమ్మిగనూరు పోయారు. ఖాజా ఇంటి వసారాలో పెద్దలు వరసగా కూర్చుని ఉన్నారు. వాకిట్లో నాలుగు టైర్లు ఉన్నాయి. నిజం కారు టైర్లు. కడిగి, నూనె పూసి, నిగనిగలాడేలా గోడకు ఆనించి పెట్టారు.

"మీ కారుకే బావా! పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి తెప్పించినా. జపాన్‌వే," అన్నాడు ఖాజా. మొహం వెలిగిపోతోంది. కూతురు పుట్టినప్పుడైనా ఆ మనిషి అంత సంతోషపడ్డాడో లేదో.

మక్బూల్ ఆ టైర్లను చూశాడు. ఒక్కోదాని మధ్య బొక్కలో తన కారు ఒళ్లు ముడుచుకోకుండా పడుకోగలదు. పెద్దలు ఆయన వైపే చూస్తున్నారు. ఇక దాక్కోవడానికి చోటు లేదు.

"బావా, అది... బొమ్మ కారు," అన్నాడు.

పెద్దల్లో ఒకాయన దగ్గాడు. ఖాజా ముందు నవ్వబోయాడు, ఆ తరవాత మొహం నల్లబడింది. ఊరంతా చెప్పుకున్న మనిషి. వియ్యంకుణ్ణి ఏమీ అనలేక కాబోయే అల్లుడి మీద పడ్డాడు.

"నువ్వన్నా సెప్పకూడదా వాజిద్? సిన్నప్పటి నుంచీ నువ్వు ఆడుకున్న వస్తువే గదా?"

"నేనెప్పుడు ఆడుకుంటి మామా?" అన్నాడు వాజిద్. కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నాడు. "అద్దంలో నుంచి సూసిందే. అది బరువుంటాదో తేలిగ్గా ఉంటాదో కూడా నాకు తెలీదు."

అప్పుడు తలుపు దగ్గరి నుంచి తబస్సుమ్ గొంతు వినిపించింది. తండ్రి వ్యాపారంలో సగం మాటలు ఆ పిల్లవే, కాబట్టి ఎవరూ ఆపలేదు.

"కన్నకొడుకునే తాకనియ్యలేదంటే, రేపు నన్ను ఏ బీరువాలో పెడతారు మామా?"

బొమ్మ అన్నందుకు పోతుందనుకున్న పరువు అందుకు పోలేదు, తాను ఎప్పుడూ కాపలా కాయని వైపు నుంచి పోయింది. ఖాజా తల వంచుకుని, "ఇంట్లో మాట్లాడుకుని సెప్తాం బావా," అన్నాడు. ఆ మాటకు మన వైపు 'కుదరదు' అని అర్థమని అందరికీ తెలిసిందే.

తిరుగు బస్సులో వాజిద్ కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తున్నాడు. తండ్రిని తిట్టి ఉంటే బాగుండేది. దారి పొడుగునా ఆ గడ్డం మొహాన్ని చూస్తుంటే మక్బూల్‌కు, అద్దానికి ముక్కు ఆనించి నిలబడే చిన్న మొహం గుర్తొచ్చింది. ఆ ముక్కు అచ్చు అద్దం మీద పడిందని తువ్వాలతో తుడిచి, పిల్లోడి చెంప మీద ఒకటి వేసిన రోజూ గుర్తొచ్చింది. నసీబ్‌బీ కూడా ఆరోజు వెటకారం చేయలేదు, దాంతో ఆయనకు ఇంకా భయమేసింది.

మర్నాడు పొద్దున మక్బూల్ అంగడి తెరవలేదు. కారును బయటికి తీసి, రిమోటుతో సహా కొడుకు ముందు పెట్టాడు. "దీని బ్యాటరీ సంగతి సూడు," అన్నాడు. ఎప్పుడో చచ్చిన బ్యాటరీ తీసేసి కొత్తది కట్టడం వాజిద్‌కు పెద్ద పని కాదు. పెద్ద పని కారును ముట్టుకోవడమే. చేతులు తుడుచుకుని, తండ్రి మొహం చూసి, మళ్లీ చేతులు తుడుచుకుని గానీ ముట్టుకోలేదు.

పదకొండు గంటల బస్సుకు తండ్రీకొడుకులు మళ్లీ ఎమ్మిగనూరులో దిగారు. చక్రాల్లేని కారును చంటిబిడ్డలా ఎత్తుకుని బజారులో నడిచాడు మక్బూల్. చూసినవాళ్లు నవ్వారు. నవ్వనిచ్చాడు. ఖాజా ఇంటి వాకిట్లో నిలబడి తబస్సుమ్‌ను పిలిచాడు.

"అమ్మా, బీరువా పక్కింటోళ్లకు ఇచ్చేసినా. ఇంగ మా ఇంట్లో అట్లాంటిది లేదు. ఇది మావాడిది. నిన్నటిదాంకా నాది అనుకుంటి, తప్పు."

తబస్సుమ్ కారును అందుకుంది. ఖాజాకు కోపం ఉంది, కానీ కార్ల పిచ్చి కోపం కన్నా పాతది. కూతురి చేతిలోంచి తీసుకుని తిరగేసి చూశాడు. "ఇరుసులు బాగుండాయి గదా," అని గొణిగాడు. లోపలికి పోయి నూలు చుట్టే పాత కొయ్య బాబిన్లు తెచ్చాడు. వాటి అంచులు బిళ్లలుగా కోయించి, ఇరుసు పుల్ల కూర్చునేలా గాడి తీయించి, పైన సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాడు. ఒకటి పెద్దది, మూడు చిన్నవి అయ్యాయి. కుంటి కారు. మక్బూల్ చూడలేక ఒకసారి కళ్లు మూసుకున్నాడు.

రిమోటు వాజిద్ చేతిలో ఉంది. మీట నొక్కాడు. కారు ఉలిక్కిపడి, గుర్రుమని, ఒక పక్కకు ఒరుగుతూ వాకిలంతా పరుగెత్తింది. వాజిద్ నోరు తెరుచుకుని దాని వెంట పడ్డాడు. ఆపడం ఎవరూ నేర్పలేదు కదా! కారు వసారా ఎక్కి, తువ్వాళ్లు నేసే మగ్గాల గది గడప దాటి, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో దభీమని పడింది. ఎర్రటి మూతి నిలువునా పగిలింది.

అందరూ మక్బూల్ మొహం చూశారు. చెంప మీద ఒకటి పడుతుందేమో అన్నట్టు, అంత పెద్ద మగాడు వాజిద్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

మక్బూల్‌కు బాధ లేదంటే అబద్ధం. అయినా గుంటలోకి తానే దిగి కారును పైకి తీసి, కొడుకు కాళ్ల ముందు నేల మీద పెట్టాడు.

"పగిలితే పగిలింది. మళ్లా తోలు నాయనా," అన్నాడు.