ఒకసారి లాగితే, బాగుండానని

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి తుంపర పడుతూనే ఉంది. టమోటా కోతకు వచ్చిన ఆడవాళ్లు నెత్తిన ప్లాస్టిక్ సంచులు కప్పుకొని సాళ్లలో ఉన్నారు. తడిసిన కాయ మదనపల్లె మార్కెట్‌కు పోయేసరికి మెత్తబడుతుందని, కోసింది కోసినట్టే గుడ్డతో తుడిచి క్రేట్లకు ఎత్తుతున్నాం. నాయన చివరి సాలులో వాలిపోయిన చెట్లను కట్టెలకు పురికొసతో కడుతున్నాడు. అప్పుడు శాంతిపురం నుంచి చిన్నమ్మ ఫోను చేసింది. చిన్నాయన పోయాడు. నిమ్ము చేసిందని కుప్పం ఆసుపత్రిలో చేర్చిన సంగతి మాకు తెలుసు. పోతాడని అనుకోలేదు.

నాయన దగ్గరికి పోయి చెప్పాను. చేతిలో ఉన్న ముడి పూర్తి చేశాడు. పక్క చెట్టుకూ ముడి వేశాడు. తర్వాత, "కాయ బండికెత్తించేది ఎవురు?" అని అడిగాడు.

చిన్నాయన మా నాయనకు ఒక్కడే తమ్ముడు. పుట్టింది సదుం పక్కన మా ఊళ్లోనే. ఉన్న మెట్ట చేను ఇద్దరికి చాలదని వయసులోనే శాంతిపురం వైపు రాళ్ల క్వారీకి పోయాడు. అక్కడే పెళ్లయి ఆ ఊరి మనిషయ్యాడు. బండకు వరసగా రంధ్రాలు తొలిచి, ఇంటి గోడంత రాయిని ఒకే చెక్కగా విడదీసే పని అతనిది. ఆ క్వారీ మూతపడ్డాక ఏజెంటును పట్టుకొని మాల్టా పోయాడు. మధ్యధరా సముద్రం నడుమ ఉండే చిన్న దీవి అది. రాతి పనికని పోయినవాడు కొన్నాళ్లకు సముద్రం ఒడ్డున ఒక దుకాణంలో చేరాడు. నీళ్ల అడుగుకు దిగేవాళ్లకు గాలి సిలిండర్లు బాడుగకు ఇచ్చే దుకాణం. సిలిండర్లు మోయాలి, వాళ్లు విడిచిన రబ్బరు సూట్లను మంచినీళ్లతో కడిగి ఆరెయ్యాలి. ఆ దుకాణం ఓనరే ఇతనికి దిగడం నేర్పాడు. అంతవరకు చిన్నాయన ఈదింది మా మోటబావిలోనే.

సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటి ముందర అరుగు మీద కూర్చొని ఆ సంగతులు చెప్పేవాడు. పక్కింటి మామ ఎగతాళి చేసేవాడు. "సముద్రంలో ఏం సేద్యం చేస్తాండావప్పా?" అనేవాడు.

"గడ్డి శానా ఉండాది మామా. నీ ఆవును తోలకరా, ఒక ఏడాది మేపుకోవచ్చు," అనేవాడు చిన్నాయన.

నీళ్లలోకి దిగడమంటే పడవ మీద నుంచి వెనక్కి దొర్లడమని నేను అనుకునేవాణ్ణి. ఇతను ఒడ్డు నుంచే నడిచి దిగేవాడట. వీపున సిలిండరు, నడుముకు బరువు కోసం సీసపు బిళ్లలు, కాళ్లకు తొడుక్కునే రబ్బరు తెడ్లు చేతిలో. రాతిలో తొలిచిన మెట్ల మీద నిలబడి, పెద్ద అల వచ్చి పోయేదాకా ఆగి, మోకాటి లోతు, నడుము లోతు, అలా పోవడమే. మునిగిన తర్వాత కొంత దూరం చదును బండ, దాని మీద మడిలో వరి మాదిరి ఊగే పచ్చగడ్డి. ఉన్నట్టుండి ఆ బండ ఆగిపోతుంది. అక్కడి నుంచి గోడ నిలువునా కిందికి దిగుతుంది.

"హార్సిలీ కొండ మీద గాలిబండ సూసినావు గదా," అని నాతో చెప్పాడు. "ఆడ అంచుకు పోయి కిందికి సూస్తే కడుపులో దిగులు పుడతాది. సముద్రంలోనూ అదే అంచు. అయితే ఈడ దాటి ముందుకు పోతే పడిపోవు. గోడ పక్కన ఊరికే నిలబడుకుంటావు. కింద సూస్తే నీలం, అంతే. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. యాలనో తెల్దు."

రాతి మనిషి కాబట్టి ఆ గోడలో కూడా పొర ఎటు నడిచిందో వెతికేవాడట. మనం విడదీసిన రాయి ముఖం నున్నగా ఉంటుందని, ఆ గోడ మీద మాత్రం వేలు మోపేంత ఖాళీ ఉండదని చెప్పేవాడు. నారింజ రంగువి, ఊదారంగువి, పేర్లు తెలియనివి రాతిని పట్టుకొని బతుకుతుంటాయి. కంతల్లో ఆక్టోపస్‌లు చేతులన్నీ ముడుచుకొని కూర్చొని మనుషుల్ని చూస్తాయి. పోయేటప్పుడు గోడ కుడి చేతి పక్కన ఉంటే, వచ్చేటప్పుడు ఎడమ చేతి పక్కన ఉండాలి. అంత పెద్ద సముద్రంలో తప్పిపోకుండా ఒడ్డు చేరడానికి అదే దారి.

అతని మాటలు రెండు మా ఇంట్లో నిలబడిపోయాయి. సిలిండరులో గాలి సగం కాకముందే తిరుక్కోవల్ల, అంటే వెనక్కి మళ్లాలి అన్నది ఒకటి. మనం వదిలిన బుడగ కంటే ముందు మనం పైకి రాకూడదు అన్నది ఇంకొకటి. పైకి తొందరగా వస్తే ఒంట్లో చేరిన గాలి నెత్తుట్లో బుడగలు కడుతుందట, మనిషి కాళ్లూ చేతులూ పడిపోతాయట. నాయన నీళ్లు పడని బోర్ల మీద ఇంకో బోరు వేయాలనుకున్నప్పుడు, "సగం ఉండంగానే తిరుక్కో అన్నా," అని ఫోనులో చెప్పాడు. నాయన వినలేదు. నీళ్లూ పడలేదు. ఆ సంగతి చిన్నాయన మళ్లీ ఎత్తలేదు.

ఒంటరిగా ఉండలేక కొన్నేళ్లకు శాంతిపురానికి తిరిగి వచ్చేశాడు. వస్తూ ఓనరు ఇచ్చిన పాత సూటు, కళ్లకు పెట్టుకునే అద్దం, ఒక సిలిండరు తెచ్చుకున్నాడు. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి గాలి నింపించుకొని వచ్చేవాడు. బావుల్లో పడిన మోటార్లు తీసేవాడు. మోటార్ల కంటే ఎక్కువగా మనుషుల కోసం పిలుపులు వచ్చేవి. ఆ చుట్టుపక్కల మూతపడిన క్వారీ గుంతలన్నీ నీళ్లతో నిండి ఉంటాయి. వాటికి గట్టు ఉండదు, నిలువు గోడే. అందులో పడినవాళ్లు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. "గోడ అట్లాంటిదే," అనేవాడు చిన్నాయన. "కానీ ఈడ ఏదీ బతకదు."

మూడేళ్ల కిందట అలాంటి గుంతలోనే ఒకామె పడింది. బట్టలు ఉతకడానికి పోయి బండ మీద జారింది. చిన్నాయన పాతరోజుల్లో రాళ్లు తీసిన గుంతే అది. నాయనా నేనూ ఏదో పని మీద ఆ ఊరికి పోయి ఉన్నాం. ఆమె తల్లి అంచున కూర్చొని ఉంది. పొద్దు వాలేలోగా కూతుర్ని పైకి తెమ్మని తప్ప ఇంకేమీ అడగలేదు.

నీళ్లు మురికిగా ఉన్నందువల్ల నడుముకు తాడు కట్టుకొని దిగుతానన్నాడు చిన్నాయన. తాడు పట్టుకోవడానికి నాయనను రమ్మన్నాడు. అన్న చేయి గట్టిదని అతనికి నమ్మకం.

"అన్నా, బాగా ఇను. ఒకసారి లాగితే బాగుండానని. రెండుసార్లు లాగితే తాడు ఇంకా వదలల్ల. నాలుగుసార్లు లాగితేనే నన్ను పైకి తేవల్ల. అదీ మెల్లిగా."

నాయన ఆ మాటలు తప్పు లేకుండా తిరిగి అప్పజెప్పాడు. నేను విన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాయన వయసులో బావులు తవ్వే గుంపుతో తిరిగాడు. పాతబావి అడుగున చెడ్డగాలి ఉంటుంది. లోపలి మనిషికి ఊపిరాడకపోతే అరవడానికి కూడా శక్తి ఉండదు, తాడును ఒక్కసారి కదిలిస్తాడు. పైనున్నవాడు ఆలోచించకుండా లాగెయ్యాలి. అడుగుతూ కూర్చుంటే శవం పైకి వస్తుంది. మా వైపు తాడు పట్టినవాళ్లందరికీ తెలిసిన పద్ధతి ఇదొక్కటే.

చాలాసేపటికి తాడు ఒకసారి బిగిసింది. నాయన చెయ్యి లాగేసింది. ఆ చెయ్యి కదలడం చూసి వెనక పట్టుకున్న ఊరివాళ్లూ లాగారు. చిన్నాయన ఊపిరి బిగబట్టకుండా వదులుతూనే వచ్చాడు కాబట్టి ప్రాణంతో వచ్చాడు. బండ మీద పడుకోబెడితే, "ఆమె కొంగు దొరికింది అన్నా. చేతిలోనే ఉండింది," అన్నాడు. కాసేపటికి కాళ్లలో చీమలు పారుతున్నాయన్నాడు. ఆ తర్వాత కాళ్లు కదల్లేదు. గాలి ఒత్తిడి పెట్టే గదిలో పడుకోబెడితే తగ్గుతుందని డాక్టర్లు అన్నారు. అలాంటి గది ఉన్న ఊరు చేరేసరికి ఆలస్యమైపోయింది.

ఆమె రెండు రోజుల తర్వాత తనంతట తానే తేలింది. అంతవరకు తల్లి అక్కడి నుంచి లేవలేదు. మంచంలో ఉన్న చిన్నాయన తన కాళ్ల గురించి కంటే ఆ తల్లి గురించే ఎక్కువసార్లు అడిగాడు.

నాయన తాడు ముట్టుకోవడం మానేశాడు. పురికొస ముట్టుకుంటాడు, అంతే. ఆవును అమ్మ కడుతుంది, అమ్మ విప్పుతుంది. బండికి క్రేట్లు నేను కడతాను. నెలకొకసారి టమోటాలో వంకాయలో తీసుకొని తమ్ముడి ఇంటికి పోయి, మంచం పక్కన కూర్చొని వచ్చేవాడు. చిన్నాయన వచ్చినవాళ్లందరితోనూ, "నేను చెప్పింది చెవికి. తాడు ఉండింది చేతిలో. తప్పు నాదే," అనేవాడు. నాయనతో ఆ మాట ఎత్తితే మాత్రం, బస్సుకు టైమైందని లేచేవాడు నాయన. మంచంలో ఉన్న మనిషికి ఇంకేమీ తోచేది కాదు. అన్న ఈ బరువుతోనే పోతాడేమోనన్నదే ఆయన దిగులని చిన్నమ్మ నాకు చెప్పింది.

ఈ ఎండాకాలంలో నేనూ నాయనతో పోయాను. చిన్నాయన వసారాలో దిండుకు ఆనుకొని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే చిన్నమ్మతో ఆ రోజు గుంతలో దిగినప్పటి నీలం నైలాన్ తాడు తెప్పించాడు. ఒక కొస నడుముకు చుట్టుకొని, ఇంకో కొస నాయన ఒళ్లో వేశాడు. నాయన దాన్ని పక్కకు తోసేశాడు.

"పట్టుకో అన్నా. యాడికీ దిగను. ఈ కాళ్లతో యాడికి దిగేది?"

నాయన పట్టుకున్నాడు. చిన్నాయన ఒకసారి లాగాడు. నాయన చెయ్యి అదిరిపడి లాగేసింది. చిన్నాయన మంచం మీద పక్కకు ఒరిగిపోయాడు. చిన్నమ్మకు నవ్వొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సూడు, ఇంకా లాగతానే ఉండావు. మళ్లా పట్టుకో."

మళ్లీ లాగాడు. మళ్లీ అంతే. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. చిన్నమ్మ టీ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది. చివరకు చిన్నాయన ఒకసారి లాగితే నాయన వేళ్లు తాడు మీద బిగుసుకున్నాయి గానీ చెయ్యి కదల్లేదు.

"ఇప్పుడు నువ్వొకసారి లాగు," అన్నాడు చిన్నాయన.

నాయన లాగాడు.

"అంతే అన్నా. నేను బాగుండాను, నువ్వు బాగుండావు. ఇంతకంటే ఏం లేదు."

నాయన చల్లారిన టీ తాగాడు. 

చిన్నాయన పోయాడని విని మేము శాంతిపురం చేరేసరికి అక్కడా తుంపర పడుతోంది. సమాధికి గుంత తవ్వుతుంటే బండ తగిలిందని, గడ్డపారలతో పగలగొట్టడానికి సమయం పట్టిందని చెప్పారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. పెట్టెను దించడానికి రెండు తాళ్లు, నలుగురు మనుషులు కావాలి. చిన్నమ్మ వాళ్ల అన్న, చర్చివాళ్లు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. నాలుగో కొస దగ్గరికి నాయన పోయాడు. అమ్మ నా వైపు చూసింది. 

పెట్టె దిగుతుంటే, "మెల్లిగా," అన్నాడు నాయన.  పెట్టె అడుగున తాకింది. మిగతా ముగ్గురు తాడు వదిలారు. నాయన వదల్లేదు. వదులుగా ఉన్న తాడును వేళ్ల మీద వేసుకొని, తల వంచి, అలాగే నిలబడ్డాడు. పాస్టరు గారు పిడికిట్లో మన్నుతో ఆగారు. తుంపరకు తాడు తడిసి నీళ్లు కారుతున్నాయి. కొంతసేపటికి నాయన వేళ్లు తెరిచాడు.

చిన్నమ్మ వాళ్ల అన్న సాయంత్రం రైలుకు బెంగుళూరు పోయాడు. అమ్మా నేనూ పొద్దుగూకే వేళకు పలమనేరు బస్సెక్కాం. నాయన ఆ రాత్రి తమ్ముడి ఇంట్లోనే ఉండి, మర్నాడు పొద్దున మొదటి బస్సుకు వచ్చాడు.