నేను స్తోత్రం చెప్పగానే వెళ్ళిపోయిన చేపలు

ఒక పూట వేటనంతా ఒకే ఒక్క స్తోత్రంతో తిరిగి సముద్రంలోకి పంపించిన ఘనుణ్ణి నేను. కోతలు కోస్తున్నానని అనిపిస్తే మైపాడు దాటి మా పల్లెకు వచ్చి ఎవరినైనా అడగండి. పేరు చెప్పనక్కర్లేదు, "చేతులెత్తిన పాస్టరు" అంటే చాలు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. బైబిలు కాలేజీలో మూడేళ్ళు చదివి, తెల్ల చొక్కా తొడుక్కుని, చిన్న మైకు పెట్టె పట్టుకుని దిగాను. ఊరంతా చేపల వేట చేసుకునే హిందువులు. మజ్జిగ ఇచ్చారు, చేపల పులుసు పెట్టారు, మైకు తీయగానే మాత్రం అందరికీ పనులు గుర్తొచ్చేవి. మూడు నెలలు ఇదే వరస. నెలాఖరులోగా పదిమందినైనా కూర్చోబెట్టకపోతే వెనక్కి వచ్చెయ్యమని మా పెద్ద పాస్టరుగారు ఫోనులో చెప్పేశారు. దాంతో ఊరి పెద్ద పోలయ్య దగ్గరికి పరుగెత్తాను.

"పెద్దయ్యా, ఒక్క పది నిమిషాలు మీవాళ్ళతో మాట్లాడనిస్తారా?"

"ఏం చెప్తావబ్బయా?"

"యేసయ్య పిలిస్తే చేపలు పట్టేవాళ్ళు వలలు వదిలేసి ఆయన వెంట వెళ్ళిన కథ."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "ఈ పొద్దు పెద్ద వల లాగతా ఉండాం. ముందొచ్చి తాడు పట్టు. వల ఒడ్డుకు రానీ, అందరం కూసోని వింటాం."

పొలాల ఊరివాణ్ణి. తాడుతో నా పరిచయం గేదెను కట్టేసేవరకే. రెండు గంటలు లాగేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. వల దగ్గరికి వచ్చాక పోలయ్య నన్ను మోకాలిలోతు నీళ్ళలో నిలబెట్టాడు.

"ఈ కింది తాడు ఇసకలో అదిమి పట్టుకో. లేచిందంటే చేపలన్నీ కిందినించి పోతాయి. ఏమొచ్చినా ఎత్తొద్దు. అర్థమైందా?"

"ఎత్తకూడదు, అంతే కదా!"

అంతే. కానీ మా ఇంట్లో అన్నం ఉడికినా, బస్సు వేళకు వచ్చినా రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చెబుతారు. వలలో కవళ్ళ చేపలు తళతళ మెరిశాయి. "పడిందిరా!" అని ఎవరో అరిచారు. నాకు సంతోషం ఆగలేదు. "స్తోత్రం ప్రభువా!" అంటూ చేతులెత్తేశాను, తాడుతో సహా. కళ్ళు కూడా మూసుకున్నాను, నాకు భక్తి కాస్త ఎక్కువ లెండి.

అంతా ఒక్కసారి కేకలు పెట్టారు. ఊరు ఊరంతా నాతో కలిసి స్తుతిస్తోందనుకుని ఇంకా పైకెత్తాను. కాళ్ళ మధ్యనుంచి చల్లగా ఏవో దూసుకుపోతుంటే అదేదో దైవస్పర్శ అనుకున్నాను. కళ్ళు తెరిస్తే పోలయ్య నా చేతులకు వేలాడుతున్నాడు.

"దించరా నాయనా, దించు!"

ఒడ్డుకు చేరింది రెండు గంపలు. ముప్పై ఇళ్ళవాళ్ళు ఎదురుచూసిన వేట అది. సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పులు చేతబట్టుకుని జారుకోబోతుంటే పోలయ్య భార్య అంకమ్మ అడ్డం వచ్చింది.

"యాడికి పోతుండావన్నా? నీ పాలు చేపలు తీసుకో."

"నావల్లే కదక్కా పోయాయి, నాకు పాలేమిటి?"

"తాడు పట్టినోళ్ళందరికీ పాలుంటాది. పట్టి ఏం చేసినావని మేం అడగం."

ఎనిమిది కవళ్ళు నా జేబురుమాలులో వేసింది. అర్హత లేనివాడికి దొరికే కృప గురించి మూడేళ్ళు చదివాను. అది చేపల వాసన వేస్తుందని ఏ అయ్యవారూ చెప్పలేదు. నిజంగానే నాకు ఏడుపొచ్చింది.

పోలయ్య అందరినీ ఇసుక మీద కూర్చోబెట్టాడు. "మాటంటే మాటే. చెప్పబ్బయా." చేపల మూట పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. నేను మొదలుపెట్టేలోపే ఆయనే అన్నాడు: "ఆ వల వదిలేసే కథేనా? ఇంక చెప్పేదేముండాదిలే, చేసి చూపించినావు గదా!"

జనం పడీపడీ నవ్వారు. లెక్కపెట్టాను, ముప్పై ఆరుమంది. ఆ సాయంత్రమే పెద్ద పాస్టరుగారికి ఫోను చేసి, ముప్పై ఆరుమంది కూర్చుని విన్నారని చెప్పాను. ఏం విన్నారో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

పన్నెండేళ్ళయింది, ఇక్కడే ఉన్నాను. పెద్ద వల వేస్తే నన్నూ పిలుస్తారు, కింది తాడు మాత్రం ఇవ్వరు. ఎప్పటికైనా ఇస్తారేమోనని సముద్రం సాక్షిగా ఈ ప్రమాణం చేసి ఉంచుకున్నాను: ఆ తాడు చేతిలో ఉన్నంతసేపూ స్తోత్రం నోటితోనే చెబుతాను. ప్రభువే మేఘాల మీద దిగివచ్చి నా చెయ్యి అందుకోబోయినా, వల ఒడ్డుకు చేరేదాకా కాస్త ఆగమని ఆయన్నే బతిమాలుకుంటాను.