మురికి విమానానికి ఆయుధపూజ

పన్నెండు రోజుల నా పని ఇవాళ పొద్దున్న ఒక తడిగుడ్డకు అంటుకుని పోయింది. రాయడానికి కూడా ఓపిక లేదు, అయినా రాస్తున్నాను.

సెలవుల తరవాత కాలేజీలో మోడళ్ళ ప్రదర్శన ఉంది. దాని కోసం ప్లాస్టిక్ కిట్ ముక్కలతో పాత యుద్ధవిమానం బొమ్మ ఒకటి చేశాను. అతికించి రంగు వేయడం రెండు రోజుల్లో అయిపోయింది. కష్టమంతా అది ఎండకి ఎండి వానకి నానినట్టు కనిపించేలా చేయడంలోనే ఉంది. పొగగొట్టాల వెనక దీపం మసి, రెక్కల అతుకుల్లో పెన్సిల్ పొడి, తుప్పు మరకలకు చిక్కటి కాఫీ డికాక్షన్ పూశాను.

నాన్న ఇక్కడ సీలేరు పవర్‌హౌస్‌లో ఫిట్టరు. ఆయుధపూజ రోజున ఆయన పానాల నుంచి అమ్మ కుట్టుమిషను దాకా దేన్నీ తుడిచి బొట్టు పెట్టకుండా వదలరు. నేను స్నానం చేసి వచ్చేసరికి, పానాల పక్కన నా విమానం తళతళలాడుతూ, ముక్కు మీద బొట్టుతో నిలబడి ఉంది.

“మురికోడతంటే తుడిసీసినాను. కొత్తదాన్లాగుంది సూడు!”

“అది మురికి కాదు నాన్నా. నేనే పూశాను.”

“మురికి పూత్తారేటే ఎవులైనా? మురికి మిషనుకి పూజెలాగ సేత్తాను?”

ముప్ఫై ఏళ్ళుగా నూనె మరకలు తుడుస్తున్న మనిషికి ఏం చెప్పను? ఏడుపొచ్చి లోపలికి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఆయనే నెమ్మదిగా గుమ్మం దగ్గరికొచ్చారు. “పోనీ, రేపు డ్యూటీ నుంచి నిజం గ్రీజు తెచ్చీమంటావేటి?”

ప్రదర్శనకు ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. గ్రీజు తెమ్మన్నాను. ముక్కు మీది ఆ బొట్టు మాత్రం తుడవాలా, ఉంచాలా? మీరే చెప్పండి.