పలక ముక్కల మీద గొర్రెలు

“ఆ పలక దుమ్ము పిల్ల రొమ్ములోకి పోతే నేనేం చేసేది? ఆ ముక్కలు బయట పారెయ్యి అవ్వా!”

చెన్నకేశవులు అయ్యవారి గొంతు వీధి దాకా వినబడింది. మద్రాసులో సైన్సు చదివి వచ్చి, ఈ యుద్ధం రోజుల్లో మార్కాపురం బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. నాలుగేళ్ల కూతురు సుశీలకు ఉబ్బసం. మబ్బు పట్టినా ఆయాసమే, గాలి తిరిగినా ఆయాసమే. ఊపిరితిత్తుల బొమ్మను నల్లబల్ల మీద కళ్లు మూసుకుని గీయగలడాయన. కన్నబిడ్డ తిత్తుల్లోకి గుక్కెడు గాలి పంపడం మాత్రం ఆయన చేతిలో లేదు.

ఆ అవ్వ పేరు నాగేంద్రమ్మ. కరువులో గొర్రెలన్నీ పోగొట్టుకుని, పుల్లలచెరువు దిక్కు నుంచి వచ్చి బడి పలకలు చేసే షెడ్డులో కూలికి కుదిరిన మనిషి. పని దిగినాక అయ్యవారి ఇంట్లో కూచుని పిల్లను ఆడించేది. విరిగి పారేసిన పలక ముక్కను నీళ్లలో తడిపి, మేకుతో గొర్రెను గీసేది. దీపం మసిని ఆముదంతో మెదిపి, గుడ్డ ఉండతో ముక్కంతా అద్దేది. పైన కాగితం పరిచి అరచేత్తో రుద్దితే, నల్లటి నేల మీద తెల్లటి గొర్రె లేచి నిలబడేది. కోసి పారేసిన బెండకాయ తొడిమలు అద్దితే దాని చుట్టూ పువ్వులు. కాగితానికీ కరువే గనక, అయ్యవారు దిద్ది పక్కన పడేసిన పరీక్ష కాగితాలే గతి.

“అవ్వా, దీనికి మూడే కాళ్లు!”

“నాలుగోది మీ నాయన దిద్దేటప్పుడు కొట్టేసినాడులే అమ్మీ.”

సుశీల నవ్వేది. నవ్వితే దగ్గు, ఆ దగ్గు వింటే అయ్యవారు దిద్దేది ఆపి లేచి వచ్చేవాడు.

ఆ రోజు ఆయన పంతమే నెగ్గింది. పలక ముక్కలు, మసి చిప్ప గడప దాటినాయి. గది కడిగించాడు, పరుపు ఎండలో వేయించాడు, కిటికీలు మూయించాడు. నాగేంద్రమ్మ బయట అరుగు మీదికి జరిగింది.

దుమ్మన్నది లేని ఆ గదిలోనే, పొద్దు వాలకముందే పిల్లకు ఆయాసం వచ్చింది. ఎప్పటికన్నా గట్టిగా. తాగించిన మందు వాంతయిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. అయ్యవారు బిడ్డ ఎదురుగా మోకాళ్ల మీద కూలబడి, “పీల్చు తల్లీ, పీల్చు” అంటూ ఊపిరి లెక్కపెట్టసాగాడు. ఆయన లెక్క సాగేకొద్దీ పిల్ల కళ్లు బెదిరి పెద్దవవుతున్నాయి.

నాగేంద్రమ్మ లోపలికి వచ్చి ఆయన్ని భుజం పట్టి పక్కకు జరిపింది. పిల్లను దిండుకు ఆనించి కూచోబెట్టింది. తడి పలక ముక్క ఒళ్లో పెట్టుకుని, ఏమీ జరగనట్టు గొర్రెను గీసుకుంటూ కూచుంది. మధ్య మధ్య ఆమెకూ దగ్గే. పిల్ల చూపు మెల్లగా మేకు మీదికి పోయింది. దీపాలు పెట్టే వేళకు ఆయాసం సర్దుకుంది.

“ఎట్ల తగ్గించినావు అవ్వా?”

“నేను తగ్గించేదేంది, నా దగ్గే నాకు తగ్గక చస్తావుంటే! అదే వచ్చింది, అదే పోయింది. మళ్లా వస్తాది అయ్యవారూ. నువ్వూ ఆపలేవు, నేనూ ఆపలేను. వచ్చినప్పుడు మాత్రం నీ మొగం పిల్లకు ఎదురుగా పెట్టగాకు. అందులో ఏముందో పిల్ల చదువుకుంటాంది. పక్కన కూచో. చేతికేదన్నా పని పెట్టుకో.”

ఆ చలికాలంలోనే దగ్గు ముదిరి నాగేంద్రమ్మ తన ఊరు పోయింది. మళ్లా రాలేదు. ఆయాసం మాత్రం వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా చెన్నకేశవులు బిడ్డను దిండుకు ఆనించి, మందు తాగించి, ఎదురుగా కాక పక్కన కూచుంటాడు. తడి పలక ముక్క మీద గొర్రెను గీస్తాడు. గొర్రె కాళ్లు వంకర పోతాయి. అయినా తల మాత్రం ఎత్తడు.