గేటు ముందు కాగిన ఇంజను

ఇంతకాలం నా మాట ఎవరూ వినలేదు. మేళ్లచెరువు క్వారీల నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి తోలే టిప్పర్‌కు నేను డ్రైవర్‌ను. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుసలో నిలబడ్డప్పుడల్లా ఇంజను కాగిపోయేది. సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఆ సంగతి చెబితే, మేనేజరు తల ఎత్తకుండానే బండి రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డు మీద 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని రాశాడు. పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోమనలేదు. అది నీలం కుర్చీ. నేను మరిచిపోలేదు.

ఆ కాగితం చూసి మా ఓనరు, వేరే డ్రైవర్‌ను వెతుకుతున్నానన్నాడు. ఈ బండి పోతే పోనీ, ఆ రెండు మాటలు వెంట ఉంటే నాకు ఇంకెవరు బండి ఇస్తారు? బండితో వచ్చిన మీటర్‌లోని ముల్లు అప్పటి వేడిని చూపిస్తుందే తప్ప గుర్తుపెట్టుకోదు. అందుకే వేడిని ఎప్పటికప్పుడు మెమొరీ కార్డులో రాసుకునే మీటర్ ఒకటి తెప్పించాను. నీ తృప్తి కోసం పెట్టుకోమని ఓనరు ఒప్పుకున్నాడు.

కట్టంగూర్‌లో హైవే పక్కన బండ్ల వైరింగ్ చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఎండాకాలం వస్తే ఊళ్లల్లో బోరు మోటార్లు దింపేదీ ఆయనే. ఇంజనులో కాగిన నీళ్లు రేడియేటర్‌కు పోయే దారిలో ఒక బోల్టు విప్పి, అక్కడ సెన్సార్ బిగించాడు. వైరును సైలెన్సర్ సెగ తగలకుండా తిప్పి క్యాబిన్‌లోకి తెచ్చి మీటర్‌కు కలిపాడు. పని చూస్తే ముచ్చటేసింది.

మర్నాడు గేటు దగ్గర ఇంజను మళ్లీ కాగి ఆవిరి కక్కింది. మీటర్ మాత్రం బండి చల్లగా ఉందంటోంది. ఆ ఆవిరైనా చూడమని బండిని నేరుగా సర్వీస్ సెంటర్‌కు తోలాను. మేనేజరు ఆవిరి చూడలేదు, మీటర్ చూశాడు.

"నీ మీటరే చెప్తాంది గదా, బండి సల్లగున్నదని. ఇంక నీకేం ఫికర్?"

అందరూ నవ్వారు. చాయ్ తాగుతున్న ఒకడికి పొలమారింది కూడా.

మళ్లీ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన సెన్సార్ విప్పి, ఒక వైరు ముక్కతో దాని ఒంటికి ఎర్త్ ఇచ్చి, పక్క హోటల్లో మరుగుతున్న నీళ్లలో ముంచాడు. మీటర్ సరిగ్గానే చూపించింది. ఇంజనుకు బిగిస్తే మళ్లీ అబద్ధం. రెండోసారి విప్పినప్పుడు భాయ్ మర చుట్టూ తాను చుట్టిన తెల్ల టేపును చూసి తల పట్టుకున్నాడు. ఆ సెన్సార్‌కు ఒకటే వైరు. కరెంటు తిరిగిపోయే ఎర్త్ దాని ఇనుప మర నుంచే ఇంజనుకు అందాలి. మధ్యలో టేపు అడ్డం పడింది.

"బోరు పైపులకు సుట్టి సుట్టి అలవాటైంది అన్నా. మర కనబడితే చెయ్యి ఊకుంటలేదు."

"నీ చెయ్యి నా నౌకరి తీస్తుండె గదా భాయ్."

"తియ్యలే. జర నవ్వులపాలు చేసింది, గంతే."

టేపు తీసేసి, నీళ్లు కారకుండా రాగి వాషర్ వేసి బిగించాడు. అప్పటి నుంచి మీటర్ నిజం చెప్పింది. రోడ్డు మీద పోతుంటే గాలికి వేడి దిగుతోంది, గేటు ముందు ఆగితే ఎక్కుతోంది. ఆగిన బండిని చల్లార్చాల్సింది ఫ్యాన్. అది సరిగ్గా తిరగడం లేదన్నమాట. ఓనరు నమ్మక, ఒక మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని వరుసలో ఎండకు మాడాడు. దిగేటప్పుడు వేరే డ్రైవర్ మాట ఎత్తలేదు.

"రేపు పొద్దున లోడుకు నువ్వే పో," అన్నాడు.

మీటర్‌లోని మెమొరీ కార్డు తీసుకుని మళ్లీ సర్వీస్ సెంటర్‌కు పోయాను. ఈసారి మేనేజరు దాన్ని కంప్యూటర్‌లో పెట్టి వేడి గీతను మొదటి నుంచి చివరిదాకా చూశాడు. ఫ్యాన్ మార్పించాడు. ఇప్పుడు ఎంతసేపు నిలబడ్డా గీత పైకి లేవడం లేదు. వరుసలో వెనక బండ్ల వాళ్లు దిగొచ్చి, అటువంటి మీటర్ మాకూ పెట్టించమని అడుగుతున్నారు. భాయ్ చేతి నిండా పని.

కానీ జాబ్ కార్డు మీద ఆ రెండు మాటలు అట్లాగే ఉన్నాయి. కొట్టేయమని అడిగితే, మేనేజరు చూద్దాం అంటున్నాడు. మేనేజరు గారూ, ఫ్యాన్ మార్చింది మీరే. మరి నిర్లక్ష్యం ఎవరిది? నోటితో కాదు, అదే కార్డు మీద రాసి జవాబు ఇవ్వండి.