ఈల సాధన, పగిలిన సెలవులు

గమ్హరియా అనే హిందీ ఊళ్ళోని ఓ ఫ్యాక్టరీలో క్రేన్ కింద గొలుసులు లాగే కాంట్రాక్టు పని నాది. ఈల వేసి, చేతులూపి, పైనున్న డ్రైవరుకి సైగలిచ్చే పనికి పరీక్ష పెడతామన్నారు. నెగ్గితే గొలుసులు మొయ్యక్కర్లేదు. నాకన్నా ముందు నా నడుము ఆశపడింది.

బర్మామైన్స్ పేటలోని మా ఇంట్లో రెండు వారాలు సాధన చేశాను. చేతులు సైగలకే సరిపోతాయి కాబట్టి ఈల పెదవుల మధ్యే ఉండేది, టీవీ చూస్తున్నా సరే.

పరీక్ష నాలుగు రోజులుందనగా నోటి రెండు చివర్లూ ఎర్రబడి, వాచి, చీలాయి. ఆవలిస్తే మంట. పచ్చడి తగిలితే కళ్ళనీళ్ళు. నోటి చివర్లని పాత తెలుగులో సెలవులంటారట. కాంట్రాక్టు మనిషికి దక్కిన సెలవులు ఆ రెండే, అవీ చిరిగినవి.

"వేడి సేసేసింది," అని తేల్చి మా ఆవిడ నెయ్యి రాసింది. కమ్మగా ఉంది. ఐదు నిమిషాల్లో నాకేశాను.

"ఏటి మావా, మందు రాత్తంటే తినేత్తన్నావు? ఇంకో గరిటేసి అన్నం కూడా ఎట్టమంటావా?"

"ఎండిపోతంది గదే, తడుపుతన్నాను."

డిస్పెన్సరీ డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. కట్టుడు పళ్ళా? రక్తం తక్కువా? ఆకుకూరలు తింటావా? అడుగుతూ అడుగుతూ నా మెడలోని ఈల దగ్గర ఆగింది.

"యే దిన్‌భర్ ముహ్ మే?"

రోజంతా నోట్లోనే అని ఒప్పుకున్నాను. ఉమ్ము ఆ చివర్లలో నిలిచి, చర్మం నాని, ఎండి చీలుతుందట. చీలికలో బూజులాంటిది చేరుతుందట. నాకినకొద్దీ ముదురుతుందట. ఈల ఎప్పుడు కడిగావంటే మాత్రం నాకు నోరు పెగల్లేదు. నొప్పి వల్ల అనుకుంది, అనుకోనిచ్చాను. పూతమందు రాసిచ్చి, ఊదిన వెంటనే ఈల తీసెయ్యమంది. తగ్గకపోతే రక్తపరీక్ష అంది.

పరీక్ష నాడు అందరూ ఈల కరిచిపెట్టుకునే నిలబడ్డారు. నా ముందతనికి తుమ్మొచ్చింది, ఈల మోగింది, సైగనుకుని డ్రైవరు క్రేన్ ఆపేశాడు. నేను ఊదడం, తీసెయ్యడం, ఆ తర్వాతే సైగ చెయ్యడం. ఒక్క ఈలా అనవసరంగా మోగలేదు.

"ఐసా హోనా చాహియే!" ఇలా ఉండాలంటూ పరీక్ష పెట్టే సారు మిగతావాళ్ళకి నన్ను చూపించాడు. అది క్రమశిక్షణ కాదు, నొప్పి అని చెప్పేంత నిజాయితీ ఆ పూట నాకు లేదు.

"పాస్. ఖుష్ నహీ హో క్యా?" సంతోషంగా లేదా అని అడిగాడు.

"బహుత్ ఖుష్, సార్," అన్నాను పెదవులు కదపకుండా, దుఃఖవార్త విన్నవాడిలా. ఆయన నమ్మలేదు. నమ్మించడానికి నవ్వాను. ఎడమవైపు మళ్ళీ పగిలింది.